ఎక్కడికని అడిగిన పాపం

ఎర్రదిబ్బపాళెం,
14-3-1964.

చిరంజీవి మస్తానయ్యకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మ, చెల్లెలు ప్రమీల, నేను, గేదె, అందరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేస్తాను. ఈసారి కలం ఇక్కడే కాసేపు ఆగింది. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. మీ అమ్మ రెండుసార్లు చదివించుకుంది. ఆమె మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉంది, మందు రాయడానికి మాత్రం ఒప్పుకోదు. గేదె ఈనింది కానీ మగదూడ, దానికి నేనేదో తప్పు చేసినట్టు మీ అమ్మ నామీద విసుక్కుంటోంది. బూట్లు కరుస్తున్నాయని రాశావు. కొత్తలో అందరికీ కరుస్తాయి, లోపల ఆముదం పట్టించి ఒక రోజు వదిలెయ్యి. అనంతపురం ఎండ గురించి బాధపడకు, మన ఉప్పుగాలికంటే అదే నయం, తుపాకీ అయినా తుప్పు పట్టదు.

ఇక నువ్వు మరీ మరీ అడిగిన సంగతులు. ఆ పోలీసు బొమ్మ మన టూరింగు టాకీసుకు వస్తే తప్పకుండా చూడమన్నావు. గోడకున్న నా మెచ్చుకోలు పటం పంపమన్నావు. గొలుసు కేసు నేను ఎట్లా పట్టుకున్నానో వివరంగా రాయమన్నావు, వచ్చే నెల ట్రైనింగు ముగిసే రోజు మీ వాళ్ళందరికీ చెబుతానన్నావు. బొమ్మ చూశాను. ముందు దాని సంగతి చెబుతాను, మిగతా రెండూ అందులోంచే వస్తాయి.

మైపాడు రోడ్డు పక్కన డేరా వేశారు. శనివారం మొదటి ఆటకు మీ అమ్మనూ ప్రమీలనూ తీసుకుపోయాను. నేను రిటైరై రెండేళ్ళయింది, అయినా డేరా యజమాని వెంకయ్య నన్ను చూడగానే టిక్కెట్టు మాట ఎత్తకుండా కుర్చీ వేయించాడు. జనమంతా ఇసుకను గుప్పెళ్ళతో పోగు చేసుకుని దానిమీద కూర్చుంటే నేనొక్కణ్ణి వాళ్ళ తలలమీదుగా చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అది నామీద గౌరవం అనుకునేవాణ్ణి.

బొమ్మ మాట చెప్పమంటే, నాయనా, మనసు కష్టపెట్టుకోవద్దు, అంత చెత్త నేనెన్నడూ చూడలేదు. ముప్పయ్యేళ్ళు ఖాకీ తొడిగినవాణ్ణి, అటువంటి పోలీసును ఏ స్టేషన్లోనూ చూడలేదని రాద్దామనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయలేను. నీ హీరోకు టోపీ మేకు కొట్టి బిగించినట్టు ఉంది, పదిమందితో కలబడినా కదలదు. ముండమోసిన ముసలమ్మ ఇంట్లోకి బూట్లతో పోతాడు. తల్లి అన్నం వడ్డిస్తే ఆమె మొహం చూడడు. ఉద్యోగం మీద ఉన్నవాడు ఖాకీ బట్టల్లోనే పిల్లవెంట పడి తోటంతా తిరిగి పాడతాడు. బొమ్మ మొత్తంలో ఒక్క పంచనామా రాయలేదు, ఒక్క సాక్షిని కూర్చోబెట్టి అడగలేదు. ఎదురుపడ్డవాడి చెంప పగలగొడతాడు, వాడే దొంగ అవుతాడు. ఎట్లా అంటే, కథ రాసినవాడు ముందే వాడి చెవిలో ఊది ఉంటాడు. ఇక హెడ్డు కానిస్టేబులంటే బొజ్జ, గురక, లాఠీ జారవిడవడం. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ బొమ్మను నువ్వు మూడుసార్లు చూశానని రాశావు.

మధ్యలో ఒక ఘట్టం వచ్చింది. సముద్రపు ఒడ్డట. అది సముద్రం కాదు, ఏదో చెరువు, అలలూ లేవు నురగా లేదు. తెల్లవారుతుండగా ఒక జాలరివాడు వల భుజాన వేసుకుని పోతుంటాడు. నీ ఇన్స్పెక్టరు వాడికి అడ్డం నిలబడి, లాఠీ వాడి రొమ్ముకు ఆనించి, "ఎక్కడికిరా?" అంటాడు.

డేరా అంతా ఒక్కసారిగా చప్పరించింది. మన పాళెం ఆడవాళ్ళలో ఒకామె గట్టిగానే అనేసింది. "అయ్యో, వల భుజానేసుకోని పోయేవోణ్ణి ఎక్కడికని అడగతాడే! వీడికి ఇంట్లో ఎవురూ నేర్పలేదా!"

అంతలో రీలు అయిపోయింది. వాళ్ళకున్నది ఒకటే మిషను, రీలు మార్చేదాకా దీపాలు వేస్తారు. వెలుగు పడేసరికి ఆడవాళ్ళ వైపు తడికె పక్కన చెంచమ్మ కనిపించింది. మనింటికి చేపలు తెచ్చే చెంచమ్మే. అందరూ ఖాళీ తెరవైపు చూస్తుంటే ఆమె ఒక్కతే వెనక్కి తిరిగి నా కుర్చీవైపు చూస్తోంది. చూపు దించుకున్నది నేను.

తర్వాతి రీల్లో ఇన్స్పెక్టరు ఆ జాలరిని చావబాదాడు. వల దులిపితే దొంగబంగారం బిళ్ళలు రాలాయి. ముందువరసలో కుర్రకారు ఈలలు వేశారు. బొమ్మ అయిపోయి బయటికి వస్తుంటే చెంచమ్మ నా పక్కకు వచ్చి, మీ అమ్మకు వినపడకుండా, మెల్లగా అంది.

"చూసినారా హెడ్డయ్యా? ఆయన కొట్టినోడి వల్లో బంగారం రాలినాది. మా ఆయన వల్లో నత్తగుల్ల గూడా రాల్లేదు."

అని తన దారిన తను పోయింది. చెంచమ్మ భర్త ముత్యాలయ్య. గొలుసు కేసులో నేను పట్టుకున్న దొంగ అతనే. ఆ సంగతి నీకు చెప్పినప్పుడల్లా పేరు చెప్పకుండా దొంగ అని మాత్రమే చెప్పాను. మనింటికి పదేళ్ళుగా చేపలు తెచ్చే మనిషి ఆ దొంగ భార్య అని నీకూ తెలియదు, ప్రమీలకూ తెలియదు.

ఇంటికి నడిచి వస్తుంటే నీ ఉత్తరం చివర ఉన్న నాలుగు పంక్తులు గుర్తుకొచ్చాయి. వాటిని మీ అమ్మకు చదివి వినిపించలేదు. స్టేషను పని నేర్చుకోవడానికి మిమ్మల్ని పంపినప్పుడు సంతలో దొరికిన జేబుదొంగ ఒకడు నోరు విప్పకపోతే నువ్వు రెండు అంటించావనీ, వాడు గడగడా ఒప్పుకున్నాడనీ, ఆ స్టేషను పెద్దాయన నీ భుజం తట్టాడనీ రాశావు. కింద, "అచ్చం నీలాగే నాన్నా" అని రాశావు.

ఆ హీరో నాకు ఎందుకంత అసహ్యం పుట్టించాడో అప్పుడు తెలిసింది. వాడి నడక నాది. "ఎక్కడికిరా" అన్న ఆ గొంతు నాది. అంతదాకా బొమ్మను తిట్టుకుంటూ వచ్చినవాణ్ణి, మిగతా దారంతా వాళ్ళకంటే ముందు నడిచాను. బొమ్మ నచ్చలేదా అని ప్రమీల రెండుసార్లు అడిగింది.

ఇప్పుడు గొలుసు కేసు వివరంగా రాస్తాను. నువ్వు విన్న కథలో లేనిది రాస్తాను.

ఇది పందొమ్మిదివందల యాభై, మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి మాట. మాఘపౌర్ణమి సముద్రస్నానానికి నెల్లూరు నుంచి ఒక బియ్యం వ్యాపారి కుటుంబం వచ్చింది. సాయంత్రం బయలుదేరేముందు చూసుకుంటే ఆ ఇల్లాలి గొలుసు లేదు. పెద్దింటివాళ్ళు, గోల చేశారు. దొంగను తెల్లారేసరికి తెచ్చి నిలబెట్టాలని మా ఎస్.ఐ. నాకు చెప్పాడు. తెల్లవారుజామున నేను పాళెం ఒడ్డున కాపు కాస్తుంటే ముత్యాలయ్య వల భుజాన వేసుకుని తెప్ప దగ్గరికి వస్తున్నాడు. అప్పుడతనికి పాతికేళ్ళు ఉంటాయి. నేను అడ్డం నిలబడి, "ఎక్కడికిరా?" అన్నాను.

అతను జవాబు చెప్పలేదు. నిలబడ్డాడు, నావైపు ఒకసారి చూశాడు, గిర్రున తిరిగి గుడిసెకు పోయాడు. నేను వెంట పడ్డాను. వల గుమ్మం ముందు పడేసి, అరుగుమీద కూర్చుని, పెళ్ళాన్ని మంచినీళ్ళు అడుగుతున్నాడు. రిపోర్టులో నేను ఏం రాశానో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "పోలీసువారిని చూచి తడబడి, ప్రశ్నకు బదులీయక, పరుగున తన యింట దూరెను."

బయలుదేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే వాడు వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. ఇది ఎవరికి తెలియదు? సముద్రం మీదికి పోయేవాళ్ళకు మరీ పట్టింపు, తిరిగొస్తామో రామో తెలియని బతుకులు. మనది దొరవారిసత్రం దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం, మనకూ ఉంది ఆ పట్టింపు. నేను డ్యూటీకి పోతుంటే నువ్వు పసితనాన, "ఎక్కడికి నాన్నా?" అనేవాడివి. మీ అమ్మ నీ నోరు మూసేది. నేను చెప్పులు విప్పి, కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగి పోయేవాణ్ణి. ఆ ముందు రోజు కూడా అట్లాగే చేశాను మస్తానూ. మర్నాడు ముత్యాలయ్య అదే పని చేస్తే దొంగ అన్నాను. నా వరకైతే అది ఆచారం, అతని వరకు వచ్చేసరికి సాక్ష్యం అయింది.

స్టేషన్లో, "ఎందుకురా తిరిగి పోయినావు?" అని అడిగాను.

"మీరు ఎక్కడికని అడిగినారు గదయ్యా," అన్నాడు.

ఎదురు జవాబు చెబుతున్నాడని కొట్టాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పాడు. నిజం ఒకటే కదా, ఎన్నిసార్లయినా అదే చెబుతాడు. కుడి మణికట్టు విరిగింది. చప్పుడు నాకు వినపడింది. అప్పుడు ఒప్పుకున్నాడు. గొలుసు తనే తీశాననీ, భయపడి సముద్రంలో పారేశాననీ చెప్పాడు. ఒడ్డుకు తీసుకుపోతే ఎక్కడ నిలబడి విసిరాడో వేలు పెట్టి చూపించాడు కూడా. దెబ్బకు మనిషి లేనిదాన్ని కూడా చూపిస్తాడు. కోర్టులోనూ అదే ఒప్పుకున్నాడు, ఒప్పుకోకపోతే మళ్ళీ నా చేతికే వస్తాడని నేను చెప్పి ఉంచాను. పదిహేను రోజుల్లో ఆరునెలల శిక్ష పడింది.

నెల తిరిగేసరికి ఆ వ్యాపారి ఒక్కడే వచ్చి ఎస్.ఐ. పక్కన కూర్చున్నాడు. గొలుసు వాళ్ళింట్లోనే దొరికిందట. స్నానానికి దిగేముందు ఆవిడే తీసి పసుపు డబ్బాలో అడుగున పెట్టి మరిచిపోయిందట. నలుగురిలో నగుబాటు, బయటికి పొక్కనివ్వవద్దని బతిమాలాడు. ఆయన పోయాక ఎస్.ఐ. నన్ను పిలిచి, "శిక్ష పడిపోయింది. ఇప్పుడు గొలుసు దొరికిందంటే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ దొరకవు. నోరు మూసుకో," అన్నాడు.

మూసుకున్నాను. ముత్యాలయ్యకు ఇంకా అయిదు నెలలకు పైగా జైలు మిగిలి ఉంది. నేను ఒక్క మాట చెబితే వచ్చేస్తాడు. చెప్పలేదు. ఇంకో వారానికి నాకు మెచ్చుకోలు కాగితం వచ్చింది. అంతా తెలిసి అందుకున్నాను. నెల్లూరులో అద్దం వేయించి, పటం కట్టించి, వస్తూ వస్తూ మిఠాయి పొట్లం తెచ్చాను. నీకు ఎనిమిదేళ్ళు. దేవుడి పటం పక్కనే నాన్న పటం పెట్టాలని మారాం చేసి నువ్వే పెట్టించావు. పద్నాలుగేళ్ళు అది అక్కడే ఉంది, దండం పెట్టిన ప్రతిసారీ నా కంట పడుతూ.

నేను నిన్ను ఎన్నడూ కొట్టలేదని నీ స్నేహితులకు గొప్పగా చెప్పుకునేవాడివి. నిజమే, ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టేదంతా స్టేషన్లోనే కొట్టి వచ్చేవాణ్ణి, ఇంటికి వచ్చేసరికి శాంతంగా ఉండేవాణ్ణి.

బొమ్మ చూసిన మర్నాడు పొద్దున్నే ముత్యాలయ్య గుడిసెకు పోయాను. గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఆ చెయ్యి వంకరగా అతుక్కుంది, తెడ్డు పట్టలేడు. నూలు పళ్ళతో బిగబట్టి ఎడమచేత్తో ముడి వేస్తాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మొదలుపెట్టాను.

"ముత్యాలయ్యా, ఆ గొలుసు నువ్వు తీయలేదని నెల తిరిగేసరికే నాకు తెలిసిపోయినాది."

అతను తలెత్తలేదు. ముడి బిగించి, నూలు కొరికి, అప్పుడన్నాడు.

"మీకు నెల పట్టింది. నాకు మొదటిరోజే తెలుసు గదయ్యా."

చేతులు జోడించాను. ఆ జోడించిన చేతులవైపు కొంచెంసేపు చూశాడు.

"దండాలు నేనేం జేసుకునేదయ్యా? ఆ కేడీ పుస్తకంలో నా పేరుండాది. చేతనైతే దాన్ని కొట్టేయించండి. యాడ దొంగతనం జరిగినా ముందు నా గుడిసెకే వస్తారు. మొన్న తిరణాళ్ళకు గూడా మూడు దినాలు స్టేషన్లో కూకోబెట్టినారు. మావోడు మీవోడి ఈడోడే. వాడు సముద్రం మీదికి పోతే నాకు బయం లేదు. స్టేషను ముందర నడిచిపోతేనే బయం. కేడీ కొడుకు గదా."

అంతే అన్నాడు. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నన్ను కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇస్తాడేమోనని నేను కాసేపు నిలబడ్డాను, అంత సిగ్గులేనివాణ్ణి. చెంచమ్మ తట్ట నెత్తికెత్తుకుని నన్ను దాటుకుని పోయింది. ఆరోజు మనింటికి చేపలు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు.

ఇంటికి వచ్చి జిల్లా పోలీసు పెద్ద దొరగారికి అర్జీ రాయడం మొదలుపెట్టాను. కొట్టి ఒప్పించానని రాశాను, గొలుసు దొరికిన సంగతి రాశాను, తెలిసి దాచానని రాశాను. ముత్యాలయ్య పేరు ఆ పుస్తకంలోంచి తీసివేయవలసిందని ప్రార్థించాను. మూడుసార్లు చించి నాలుగోసారికి శుభ్రంగా రాయగలిగాను. మీ అమ్మ పక్కన నిలబడి ఏం రాస్తున్నారని అడిగింది. చదివి వినిపించాను. రాఘవమ్మ నోరు నీకు తెలుసు కదా, ఆరోజు మాత్రం అరవలేదు. గొంతు తగ్గించి అంది.

"వచ్చే నెలలో పిల్లోడికి పోస్టింగు ఆర్డరు వస్తాది. వాడి నోటికాడి కూడు పడగొడతారా? పద్నాలుగేళ్ళు నోరు మూసుకోని ఉండినారు, ఇంకొక్క నెల మూసుకోలేరా?"

"ఇంకో నెల పోతే వాడి చేతికి లాఠీ వస్తాది రాఘవా," అన్నాను.

ఆమె గేదెకు కుడితి పెట్టడానికి పోయింది. ఆమె భయం తప్పు కాదు. నా పింఛను ఆపవచ్చు. నామీద విచారణ పెట్టవచ్చు. నీ ఆర్డరు మీద సంతకం చేసేవాడు, ఈ పద్మనాభయ్య కొడుకేనా అని కలం పక్కన పెట్టవచ్చు. నిన్ను చదివించడానికి ఇద్దరం పడ్డ పాట్లు నాకు గుర్తున్నాయి. నీ ఆశ నాకు తెలుసు. ఖాకీ వేసుకుని మైపాడు బస్సు దిగి ఊళ్ళోంచి నడిచి రావాలని నువ్వు రాసిన చోట కాగితం నలిగిపోయింది, మీ అమ్మ అన్నిసార్లు అక్కడ వేలు పెట్టి చదివించుకుంది. నీతో ముందే చెబితే నువ్వు వద్దనేవాడివి. నువ్వు వద్దంటే నేను ఆగిపోయేవాణ్ణి, ఆగడానికి నాకు సాకు చాలు. అందుకని అర్జీ నిన్ననే రిజిస్టరు చేసి ఇవాళ నీకు రాస్తున్నాను. నీ చేతికి ఈ కవరు అందేసరికి అది చేరవలసినచోటికి చేరి ఉంటుంది.

నామీద కోపం వస్తే రానీ. ఒక్క పని మాత్రం చెయ్యి. నువ్వు కొట్టిన ఆ జేబుదొంగ పేరేమిటో నీ ఉత్తరంలో లేదు. కనుక్కో. వాడు నిజంగా దొంగే కావచ్చు, నాకు తెలియదు, నీకూ తెలియదు. రెండు దెబ్బలకు ఒప్పుకున్నాడు కాబట్టి దొంగ అని మాత్రం అనుకోకు. వాడు నిజంగా జేబు కొట్టాడా అని అప్పుడు అడగనివాడివి ఇప్పుడైనా పోయి అడుగు. నువ్వు వాణ్ణి కొట్టి ఇంకా నెల కాలేదు.

ఇంటికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా, మామూలు బట్టల్లో రా. నీకు పోస్టింగు ఎక్కడ ఇస్తారో, అసలు ఇస్తారో లేదో నేను అడగను. బయలుదేరబోయేవాణ్ణి అడగకూడదు.

మెచ్చుకోలు పటం నీకు పంపలేను. అద్దం తీసేసి, ఆ కాగితాన్ని అర్జీకి జతపరిచాను. గోడమీద అది ఉన్నంత మేర సున్నం తెల్లగా కనిపిస్తోంది, మీ అమ్మ అక్కడ క్యాలెండరు తగిలిస్తానంటే వద్దన్నాను.

గొలుసు కేసు వివరంగా రాయమన్నావు, అందరిముందూ చెబుతానన్నావు. వివరంగా రాశాను. చెప్పు.

ఇట్లు,
నిన్ను ఒక్క దెబ్బ కొట్టకుండా పెంచిన
మీ నాన్న,
పద్మనాభయ్య.